సన్నిధి, ఆకాంక్ష, యోగ్యత: ఛాయాచిత్రంలో రెండు వస్తువుల పొందిక

5.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒకే చట్రంలో రెండు వస్తువులను పక్కపక్కన చూపినప్పుడు అర్థం ఎలా పుడుతుందో వివరించగలుగుతారు.
• అలాంటి చిత్రాలలో బలమైన వాటిని, బలహీనమైన వాటిని కారణాలతో వేరు చేయగలుగుతారు.
• మీరు ఉంటున్న ఊరి నుంచే వస్తువును, స్ఫూర్తిని వెతుక్కోగలుగుతారు.

5.1 ప్రవేశిక

ఛాయాచిత్రకళ నేర్చుకుంటున్న విద్యార్థికి మొదటి ఏడాదిలోనే పరిచయమయ్యే పద్ధతి ఒకటుంది. పాతదాని పక్కన కొత్తది, పెద్దదాని పక్కన చిన్నది, కలిగినవాడి పక్కన లేనివాడు. ఇలా రెండింటిని ఒకే చట్రంలో ఇరికించి, చూసేవారిని ఆలోచింపజేయడం. ఆంగ్లంలో దీనిని జక్స్టపొజిషన్ అంటారు. నేర్చుకోవడానికి ఇది సులువైన పద్ధతి. అందువల్లనే ఎక్కువగా దుర్వినియోగమయ్యే పద్ధతి కూడా ఇదే.

నేను మూల్యాంకనం చేసిన అసైన్‌మెంట్లలో ఒక చిత్రం చిన్న చిన్న మార్పులతో ఏటా కనిపించేది. పెద్ద భవనం గేటు, దాని ముందు కూర్చున్న ముసలమ్మ. కింద 'రెండు భారతాలు' అనో, 'ఇదీ మన ప్రగతి' అనో ఒక శీర్షిక. వెలుతురు బాగుంటుంది, ఫోకస్ సరిగ్గా ఉంటుంది. అయినా ఆ చిత్రం మనకు కొత్తగా ఏమీ చెప్పదు. ఆ ముసలమ్మ ఎవరు, అక్కడ ఎందుకు కూర్చుంది, ఆ భవనంతో ఆమెకు ఏమైనా పని ఉందా? ఈ ప్రశ్నలలో దేనికీ చిత్రంలో జవాబు దొరకదు. బస్సు కోసం కూర్చున్న మనిషి కూడా అలాగే కనిపిస్తుంది.

ఆ చిత్రంలో లోపించింది ఏమిటి? దానిని సరిదిద్దుకోవడం ఎలా? ఈ రెండు ప్రశ్నలే ఈ పాఠానికి వస్తువు. ఉదాహరణలను కొన్ని ప్రపంచ ప్రసిద్ధ చిత్రాల నుంచి, మరికొన్ని చల్లపల్లి పరిసరాల నుంచి తీసుకుందాం.

5.2 వాక్యం నుంచి ఒక కొలబద్ద

తెలుగు ఐచ్ఛికంగా చదివినవారికి వాక్య లక్షణం గుర్తుండే ఉంటుంది. పదాలు కలిసి వాక్యం కావాలంటే మూడు గుణాలు ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. అవి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి.

సన్నిధి అంటే పదాలు దగ్గర దగ్గరగా ఉండటం. 'రాముడు' అని ఉదయం పలికి, 'వచ్చాడు' అని సాయంత్రం పలికితే అది వాక్యం కాదు. ఆకాంక్ష అంటే ఒక పదం మరో పదాన్ని కోరడం. 'ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు' అని వరుసగా పలికితే పదాలు దగ్గరగానే ఉంటాయి, కాని ఏ పదమూ మరో పదం కోసం ఎదురుచూడదు. అందువల్ల వాక్యం ఏర్పడదు. యోగ్యత అంటే ఆ పదాల అర్థాలు నిజంగా ఒకదానితో ఒకటి పొసగడం. 'నిప్పుతో తడుపుతున్నాడు' అన్న మాటల్లో సన్నిధి ఉంది, ఆకాంక్ష ఉంది. కాని నిప్పుకు తడిపే గుణం లేదు కనుక యోగ్యత లేదు.

ఈ కొలబద్దను ఛాయాచిత్రానికి పెట్టి చూడండి. కెమెరా మనకు ఉచితంగా ఇచ్చేది సన్నిధి ఒక్కటే. చట్రంలోకి వచ్చిన ప్రతి వస్తువూ పక్కనున్న వస్తువుకు సన్నిధిలో ఉన్నట్టే. ఆకాంక్షను, యోగ్యతను మాత్రం ఛాయాగ్రాహకుడు సంపాదించుకోవాలి. ప్రవేశికలో చెప్పుకున్న భవనం, ముసలమ్మ చిత్రంలో ఉన్నది సన్నిధి మాత్రమే. అందుకే అది 'ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు' లాగా మిగిలిపోయింది.

వాక్యానికి, చిత్రానికి ఒక భేదం కూడా ఉంది. వాక్యంలో 'వలె', 'కాని', 'అందువల్ల' వంటి మాటలు రెండు భావాల సంబంధాన్ని తేల్చి చెబుతాయి. చిత్రంలో ఆ మాటలకు చోటు లేదు. వాటిని చూసేవారే పూరించుకుంటారు. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెతలో 'కాని' అన్న మాట లేకపోయినా మనకు వినిపిస్తుంది కదా! చిత్రంలో జరిగేదీ అదే. చూసేవారు ఏ మాటతో పూరించుకుంటారో ముందుగా ఆలోచించుకోవలసిన బాధ్యత చిత్రం తీసేవారిది.

5.3 ఆకాంక్ష: జెండా, చీపురు

1942లో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి యువకుడు వాషింగ్టన్ నగరంలో, అమెరికా ప్రభుత్వానికి చెందిన ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌లో ఛాయాగ్రాహకుడిగా శిక్షణకు చేరాడు. దేశ రాజధానిలోనే హోటళ్లలో, దుకాణాలలో నల్లవారిని రానివ్వని రోజులవి. ఆ కార్యాలయ భవనంలో రాత్రిపూట గదులు ఊడ్చి తుడిచే ఎల్లా వాట్సన్ అనే స్త్రీని పార్క్స్ కలిశాడు. ముందు ఆమె జీవిత కథ విన్నాడు. తరువాత ఆమెను గోడకు వేలాడుతున్న అమెరికా జాతీయ జెండా ముందు నిలబెట్టి, ఒక చేతికి చీపురు ఇచ్చి, పక్కన తడిగుడ్డ కర్ర ఉండేలా చిత్రం తీశాడు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేద్దాం. మనసులోనే ఆ చిత్రంలోని జెండాను అరచేతితో కప్పండి. పనిముట్లతో నిలబడిన ఒక కార్మికురాలి రూపచిత్రం మిగులుతుంది. గౌరవంగానే ఉంటుంది, కాని ఆమె ఎవరి గదులు ఊడుస్తున్నదో తెలియదు. ఇప్పుడు ఆమెను కప్పి జెండాను ఉంచండి. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా కనిపించే గోడ మిగులుతుంది. రెండూ కలిసినప్పుడు మాత్రం ఒక ప్రశ్న పుడుతుంది: ఈ జెండా చేసిన వాగ్దానంలో ఈమె వాటా ఎంత? ఆ ప్రశ్న అడగడానికి జెండాకు ఆమె కావాలి, ఆమెకు జెండా కావాలి. ఇదే ఆకాంక్ష.

దీనిని మనం 'అరచేతి పరీక్ష' అందాం. ఒక భాగాన్ని కప్పినా రెండో భాగం అర్థం మారకపోతే ఆ చిత్రంలో ఆకాంక్ష లేనట్టే.

ఇక్కడ మరో సంగతి గమనించాలి. ఆ చిత్రం ఏర్పాటు చేసి తీసినది. జెండా ముందు నిలబడమని ఛాయాగ్రాహకుడే కోరాడు. అలాంటప్పుడు దానిని నిజమైన చిత్రం అనవచ్చునా? ఆమె పని నిజం, ఆ భవనం ఆమె పనిచేసే చోటు, ఆమెను తక్కువగా చూసిన వ్యవస్థ నిజం. ఏర్పాటు చేసినది ఆమె నిలబడిన తీరు మాత్రమే. పైగా పార్క్స్ ఆ ఒక్క చిత్రంతో ఆగలేదు. ఆ తరువాత కూడా ఆమె ఇంటికి, ఆమె వెళ్లే ప్రార్థనా మందిరానికి వెళ్లి, ఆమె పెంచుతున్న పిల్లలతో సహా ఎన్నో చిత్రాలు తీశాడు. ఒక చిత్రంలో గుర్తుగా నిలిచిన స్త్రీ, మిగిలిన చిత్రాలలో పూర్తి మనిషిగా కనిపిస్తుంది. మీరు ఏ మనిషినైనా ఒక భావానికి గుర్తుగా వాడదలచుకుంటే ఈ క్రమాన్ని గుర్తుంచుకోండి.

5.4 యోగ్యత: వరద, ప్రకటన బోర్డు

1937 జనవరిలో అమెరికాలోని ఒహాయో నదికి పెద్ద వరద వచ్చింది. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరం చాలావరకు మునిగిపోయింది. 'లైఫ్' పత్రిక తరఫున వెళ్లిన మార్గరెట్ బూర్క్-వైట్ అక్కడ తీసిన చిత్రం ఛాయాచిత్ర చరిత్రలో నిలిచిపోయింది. బుట్టలు, సంచులు, తట్టలు పట్టుకొని సహాయం కోసం వరుసలో నిలబడిన నల్లజాతి స్త్రీ పురుషులు చిత్రం కింది భాగంలో ఉన్నారు. వారి వెనుక, చట్రం పైభాగమంతా ఒక పెద్ద ప్రకటన బోర్డు ఉంది. కారులో నవ్వుతూ పోతున్న తెల్లజాతి దంపతులు, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. ప్రపంచంలోకెల్లా ఉన్నతమైన జీవన ప్రమాణం అమెరికాదేనని ఆ బోర్డు చాటుతోంది.

అరచేతి పరీక్షలో ఈ చిత్రం తేలికగా నెగ్గుతుంది. బోర్డును కప్పితే వరద వార్త మిగులుతుంది, వరుసను కప్పితే ఒక వ్యాపార ప్రకటన మిగులుతుంది. కాని యోగ్యత విషయంలో కాస్త ఆగి ఆలోచించాలి. ఈ చిత్రాన్ని చూసిన చాలామంది దీనిని ఆర్థిక మాంద్యం నాటి నిరుద్యోగుల వరుసగా అర్థం చేసుకున్నారు. ఆ అర్థంతోనే ఎన్నోచోట్ల వాడుకున్నారు. నిజానికి అది వరద బాధితుల వరుస. ఇల్లు మునగకముందు వారిలో ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో ఆ చిత్రం చెప్పదు.

అంటే చిత్రం అబద్ధం చెప్పిందా? అలా అనలేం. ఆ బోర్డు ఆ నగరంలోనే ఉంది, ఆ వరుస దాని ముందే ఏర్పడింది. బోర్డు మీది సుఖసంసారంలో చోటు లేని జాతి వారే దాని కింద సంచులతో నిలబడ్డారు. ఆ సంబంధం వాస్తవం. అయితే ఆ జోడింపు ఎంత బలంగా ఉందంటే, అది అసలు సంఘటనను మింగేసింది. వరద వెనక్కు పోయి, ఒక సాధారణ సూత్రం ముందుకు వచ్చింది. రెండు వస్తువుల పొందిక ఎంత శక్తిమంతమైతే, వివరణ వాక్యం అంత అవసరమవుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చిత్రం కింద ఉండాలి. వివరణ రాస్తే కళ తగ్గిపోతుందని కొందరు విద్యార్థులు భావిస్తారు. వివరణ వల్ల కూలిపోయే చిత్రమైతే, అందులో యోగ్యత మొదటి నుంచీ లేదన్నమాట.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) స్టూడియో నుంచి మహళ్ల లోపలి వైభవం, వేట విడుదులు, విందులు చిత్రాలుగా వచ్చాయి. 1899–1900 కరువు కాలంలో, అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో ఎముకల గూళ్లుగా మారిన మనుషుల చిత్రాలూ అదే స్టూడియో పేరుతో ఉన్నాయి. దీన్‌దయాళ్ వీటిని ఒక చట్రంలో కలపలేదు. ఈనాడు మనం రెండు ఆల్బమ్‌లను బల్ల మీద పక్కపక్కన పరిస్తే, ఆ సన్నిధి మనం కల్పించినదే. అయినా దానికి యోగ్యత ఉంది. ఎందుకంటే రెండూ ఒకే రాజ్యానికి, ఒకే కాలానికి, ఒకే పోషకుడి పాలనకు చెందినవి. చిత్రాలను వరుసగా అమర్చేటప్పుడు కూడా ఈ నియమం వర్తిస్తుందని గ్రహించండి.

5.5 చల్లపల్లి చుట్టూ నాలుగు జోడింపులు

ఇప్పుడు మూడు గుణాలూ చేతిలో పెట్టుకొని చల్లపల్లి వద్దాం. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వైపు ఉన్నవారికి ఇవి రోజూ కనిపించే దృశ్యాలే. ఇతర ప్రాంతాలవారు తమ ఊళ్లో వీటికి సమానమైనవి వెతుక్కోవచ్చు.

మొదటిది, కోట. చల్లపల్లి రాజావారి కోట ముందు ఒక కూలీని నిలబెట్టి చిత్రం తీస్తే అది మన పాత గేటు, ముసలమ్మ చిత్రమే అవుతుంది. కాని ఆ కోటకు, పొలానికి నిజమైన సంబంధం ఒకటుంది. ఈ జమీందారీ గ్రామాల రైతులు చెల్లించిన శిస్తు మీదనే ఆ వైభవం నిలిచింది. చల్లపల్లి జమీందారీ భూముల కోసం రైతులు, కూలీలు ఏళ్ల తరబడి ఉద్యమించారు. మద్రాసు రాష్ట్రంలో 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు (1914–1994) పుట్టిన మంగళాపురం ఈ చుట్టుపక్కలదే. ఈ చరిత్ర తెలిసిన విద్యార్థి కోట ముందు పేదవాడి కోసం వెతకడు. ఒకప్పుడు శిస్తు కట్టిన కుటుంబాన్ని వెతుకుతాడు. వారి ఇంట్లో పట్టా కాగితమో, పాత రసీదో ఉంటే, ఆ కాగితం పట్టుకున్న చేతిని ముందు, కోట గోడను వెనుక ఉంచుతాడు. అప్పుడు ఆ రెంటి నడుమ ఆకాంక్ష పుడుతుంది.

రెండవది, చేను గట్టు. దివిసీమ వైపు వెళ్తే ఒక గట్టుకు ఇటు వరి, అటు రొయ్యల చెరువు కనిపిస్తాయి. పచ్చని చేను పక్కన నీళ్లు చిమ్మే ఏరియేటర్లు. రంగుల భేదం కళ్లకు బాగుంటుంది కనుక చాలామంది అక్కడే ఆగిపోతారు. కాస్త వంగి గట్టు మొదలు చూడండి. ఉప్పు ఊట దిగినచోట గట్టును ఆనుకున్న పైరు పసుపుబారి, ఎదగక కనిపిస్తుంది. గట్టు నుంచి దూరం జరిగేకొద్దీ పచ్చదనం పెరుగుతుంది. ఆ పసుపు చారే ఈ చిత్రానికి ప్రాణం. చెరువు, చేను పక్కపక్కన ఉన్నాయని కాకుండా, ఒకటి రెండోదానిలోకి ఊరుతున్నదని అది చెబుతుంది. అయితే ఒక్క చిత్రంతో చెరువు రైతును దోషిగా నిలబెట్టకండి. వరి గిట్టుబాటు కాక చెరువు తవ్వినవారు ఉన్నారు, పక్క చేను చెరువైనందువల్ల తప్పక తవ్వినవారూ ఉన్నారు. ఇద్దరితోనూ మాట్లాడి, ఆ తరువాతే వివరణ వాక్యం రాయండి.

మూడవది, మాగాణి. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము విత్తనాలు చల్లడం రైతులకు అలవాటు. నేలలో మిగిలిన తేమతోనే మొలక వస్తుంది. వరి కోసి కుప్ప వేసేసరికి కొయ్యల మధ్య మినుము మొక్కలు కనిపిస్తాయి. ముగిసిన పంట, మొదలైన పంట ఒకే నేల మీద, ఒకే చట్రంలో ఉంటాయి. ఇందులో వైరుధ్యం లేదు, వెక్కిరింత లేదు. పొందిక అంటే ఎప్పుడూ వ్యంగ్యమే కానక్కరలేదని ఈ దృశ్యం నేర్పుతుంది. మన విద్యార్థుల చిత్రాలలో 'కాని' ఎక్కువ, 'తరువాత' తక్కువ, 'వల్ల' మరీ తక్కువ. కోత యంత్రం దిగిన చేలో చక్రాల జాడల వెంట మొలక నలిగి ఉంటే, అదే చిత్రంలో మూడో మాట కూడా చేరుతుంది.

నాలుగవది, చీపురు. 2014 నవంబరు నుంచి చల్లపల్లిలో 'స్వచ్ఛ చల్లపల్లి' పేరుతో కార్యకర్తలు తెల్లవారుజామున వీధులకు వచ్చి ఊడ్చి, మొక్కలు నాటుతున్నారు. డాక్టర్లు, ఉద్యోగులు, గృహిణులు, విశ్రాంత జీవులు అందులో ఉన్నారు. వారి చేతి చీపురుకు మెచ్చుకోలు దొరికింది, అది న్యాయమే. ఏ ఊళ్లోనైనా జీతం కోసం రోజూ అదే పని చేసే పారిశుద్ధ్య కార్మికులు కూడా ఉంటారు. వారి చీపురును మనం ఎంతవరకు చూస్తున్నాం? ఈ రెండు చీపుళ్లు పక్కపక్కన ఉన్న చిత్రం తీయడం ఎంతో కష్టం. కొంచెం తూకం తప్పితే స్వచ్ఛంద కార్యకర్తను వేషధారిగానో, కార్మికురాలిని జాలిపడవలసిన వ్యక్తిగానో చూపినట్టవుతుంది. రెండూ అన్యాయమే. ఒకే వీధిలో, ఒకే ఎత్తు నుంచి, ఇద్దరి ముఖాలకూ ఒకే వెలుగు పడేలా తీసి, ఇద్దరికీ చూపించి, ఇద్దరూ ఒప్పుకుంటేనే అసైన్‌మెంటుకు పంపండి. పార్క్స్ చిత్రంలోని చీపురును తలచుకుంటే ఈ జాగ్రత్త ఎందుకో మీకే తెలుస్తుంది.

5.6 స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుంది?

దూరవిద్య విద్యార్థులు తరచుగా చెప్పే ఇబ్బంది ఒకటుంది. 'మా ఊళ్లో తీయడానికి ఏముంది? నగరంలో ఉంటే స్ఫూర్తి దొరికేది.' ఈ మాటను తేలికగా కొట్టిపారేయడం తగదు. నగరంలో ప్రదర్శనలు, గ్రంథాలయాలు, తోటి విద్యార్థులు ఉంటారు. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ సెలవు రోజు అధ్యయన కేంద్రానికి వెళ్లేవారికి అవి అందవు. కాని స్ఫూర్తి ఎలా పనిచేస్తుందో చూస్తే, మీ చేతిలో ఉన్న వనరులు తక్కువేమీ కావని తెలుస్తుంది.

పార్క్స్ చిత్రానికి వెనుక ఒక వర్ణచిత్రం ఉంది. 1930లో గ్రాంట్ వుడ్ వేసిన 'అమెరికన్ గోథిక్'. పల్లెటూరి ఇంటి ముందు గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకున్న రైతు, పక్కన ఒక స్త్రీ, ఇద్దరూ సూటిగా నిలబడి ఉంటారు. పార్క్స్ ఆ నిలువును తీసుకున్నాడు, పంగలకర్ర చోట చీపురు పెట్టాడు, ఇంటి చోట జెండా పెట్టాడు. పార్క్స్ చిత్రాన్ని కూడా 'అమెరికన్ గోథిక్' అనే పిలుస్తారు. ఒక పాత చిత్రం పక్కన తన కాలపు నిజాన్ని నిలబెట్టాడు. ఈ అర్థంలో స్ఫూర్తి కూడా ఒక సన్నిధే. అనుకరణలో పాత చిత్రం ఒక్కటే ఉంటుంది, స్ఫూర్తిలో రెండూ ఉంటాయి. దీనికి కూడా అరచేతి పరీక్ష పెట్టండి: మూల చిత్రాన్ని కప్పేసినా మీ చిత్రం నిలబడుతుందా?

మన దేశంలోని ఉదాహరణ రఘుబీర్ సింగ్ (1942–1999). జైపూర్‌లో పెరుగుతున్న రోజుల్లో ఆయనకు ఇంట్లోని పుస్తకాలలో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్తియే-బ్రెసాఁ జైపూర్ చిత్రాల పుస్తకం దొరికింది. తాను రోజూ నడిచే వీధులను ఒక పరదేశి ఎలా చూశాడో ఆ పుస్తకంలో చూశాడు. 1966లో ఆయన పనిచేసే తీరును జైపూర్‌లోనే దగ్గరగా గమనించాడు. అయినా ప్రధానంగా నలుపు తెలుపులలో పనిచేసిన ఆ గురువు దారిని వదిలి, ఈ దేశాన్ని రంగులలోనే చూడాలని నిశ్చయించుకున్నాడు. ఆయన మరణానంతరం 2002లో వెలువడిన పుస్తకంలోని చిత్రాలలో అంబాసిడర్ కారు తలుపులు, అద్దాలు, కిటికీలు చట్రాన్ని ముక్కలు చేస్తాయి. ఒక ముక్కలో దారి, మరో ముక్కలో మనుషులు, అద్దంలో వెనుక వదిలివచ్చిన ఊరు. ఒకే క్షణంలో మూడు నాలుగు దృశ్యాలు సన్నిధికి వస్తాయి. మచిలీపట్నం నుంచి అవనిగడ్డ వెళ్లే ఆర్టీసీ బస్సు కిటికీకి, ఆటో అద్దానికి ఈ గుణం లేదంటారా?

మీకు ఉన్న పెద్ద వనరు మరొకటి, మళ్లీ మళ్లీ వెళ్లగలగడం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత తీరప్రాంత గ్రామాలలో స్తంభాల మీద నిలిచిన తుఫాను షెల్టర్లు కట్టారు. బయటి నుంచి వచ్చిన ఛాయాగ్రాహకుడు ఆ భవనాన్ని విషాద చిహ్నంగా ఒకసారి తీసుకుపోతాడు. మీరు ఎండాకాలం వెళ్తే దాని నీడన మేకలు పడుకొని ఉండవచ్చు, కోతల కాలంలో వెళ్తే ముంగిట ధాన్యం ఆరబోసి ఉండవచ్చు, తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి జనం మెట్లెక్కుతూ ఉండవచ్చు. ఏడాదిపాటు ఒకే చోట నిలబడి ఒకే ఎత్తు నుంచి తీసిన చిత్రాలు, భయం, దినచర్య ఒకే కప్పు కింద ఎలా బతుకుతాయో చూపుతాయి. ఈ పని నగరం నుంచి ఒక రోజుకు వచ్చే ఛాయాగ్రాహకుడికి సాధ్యం కాదు.

యోగ్యత తెలియాలంటే వస్తువుల చరిత్ర తెలియాలి. ఆ చరిత్ర మీ ఇంట్లో, మీ పొలంలో, మీ పెద్దల మాటల్లో ఉంది. స్ఫూర్తి కోసం వెతికేవారు మొదట అడగవలసిన ప్రశ్న 'ఏది వింతగా ఉంది?' అని కాదు. 'దేని వల్ల ఏది ఇలా ఉంది?' అని అడగండి. చిత్రాలు వాటంతట అవే కనిపించడం మొదలవుతాయి.

5.7 సన్నిధిని సాధించే కొన్ని మెలకువలు

రెండు వస్తువులూ స్పష్టంగా ఉండాలి. మొబైల్‌లోని పోర్ట్రెయిట్ మోడ్ వెనుక భాగాన్ని మసకబారుస్తుంది, కనుక రెండో వస్తువు కరిగిపోతుంది. దానిని ఆపివేయండి. కెమెరా వాడేవారు ఎఫ్ 8, ఎఫ్ 11 వంటి చిన్న అపెర్చర్లు వాడితే ముందు వెనుకలు రెండూ తేరుకుంటాయి.

దూరంగా నిలబడి టెలీ లెన్స్‌తో తీస్తే దూరదూరంగా ఉన్న వస్తువులు అంటుకున్నట్టు కనిపిస్తాయి. అర కిలోమీటరు అవతల ఉన్న పొగగొట్టం గుడి శిఖరం పక్కకు వచ్చేస్తుంది. ఇది అందమైన సాధనం, అబద్ధానికి కూడా పనికివచ్చే సాధనం. అలా తీసినప్పుడు అసలు దూరాన్ని వివరణలో చెప్పండి.

చట్రాన్ని విభజించడానికి ఊళ్లో ఉన్న గీతలను వాడుకోండి. గట్టు, కాలువ ఒడ్డు, గుమ్మం, దడి, కరెంటు స్తంభం, నీటిలోని ప్రతిబింబం. గీతకు అటూ ఇటూ ఉన్నవాటి పరిమాణం సమానంగా ఉంటే పోలిక, ఒకటి పెద్దగా ఉంటే అధికారం స్ఫురిస్తాయి. రెండింటిలో మీకు ఏది కావాలో తేల్చుకున్న తరువాతే అడుగు ముందుకో వెనుకకో వేయండి.

5.8 సారాంశం

ఛాయాచిత్రంలో రెండు వస్తువులు పక్కపక్కన ఉండటం సన్నిధి. ఒకటి లేకుండా మరొకటి అర్థం కాకపోవడం ఆకాంక్ష. చట్రం బయట కూడా వాటికి నిజమైన సంబంధం ఉండటం యోగ్యత. పార్క్స్ చిత్రం ఆకాంక్షకు, బూర్క్-వైట్ చిత్రం యోగ్యతలోని చిక్కుకు ఉదాహరణలు. జోడింపు వ్యంగ్యానికే పరిమితం కాదని, కారణాన్ని, కొనసాగింపును కూడా చెప్పగలదని డెల్టాలోని మినుము చేను చూపుతుంది. చిత్రంలోని మనిషి మన భావానికి పనిముట్టు కాకూడదు. పరిచితమైన చోటును లోతుగా తెలుసుకోవడం నుంచే నిలిచే స్ఫూర్తి వస్తుంది.

5.9 అభ్యాసాలు

1. మీరు ఇదివరకు తీసిన చిత్రాలలో రెండు వస్తువుల జోడింపు ఉన్నదానిని ఒకటి ఎంచుకొని, అరచేతి పరీక్ష పెట్టి, ఫలితాన్ని పది వాక్యాలలో రాయండి.
2. ఒక దినపత్రికలోని ఛాయాచిత్రాన్ని వివరణ వాక్యం కప్పి చూడండి. మీరు ఊహించిన అర్థానికి, వివరణలోని అర్థానికి ఉన్న తేడాను చర్చించండి.
3. మీ ఊళ్లో 'వల్ల' అన్న సంబంధం ఉన్న రెండు వస్తువులను గుర్తించండి. వాటి గురించి కనీసం ఇద్దరితో మాట్లాడి, ఆ తరువాత మాత్రమే చిత్రం తీయండి. చిత్రంలో ఉన్నవారికి చూపించి, వారు ఏమన్నారో వివరణతో పాటు రాసి పంపండి.